ఫుల్ హౌస్ చేతిలో పెట్టుకుని ఎందుకు ఫోల్డ్ కొట్టానంటే

"ఏందన్నా, ఫుల్ హౌస్ పడ్డంక గూడ పడేస్తరా ఎవరన్న?" అని మా జడ్చర్ల తమ్ముడు మొన్న ఆదివారం రాత్రి నుంచి గ్రూపులో వాయిస్ మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు. ఆ రాత్రి మా పోకర్ ఆటలో నేను ఫుల్ హౌస్ అనే చాలా బలమైన చేయి పట్టుకుని ఫోల్డ్ కొట్టాను, అంటే ముక్కలు పడేసి పోటీ వదిలేశాను. వాడికి ఒక్క మెసేజ్‌లో జవాబు చెప్పడం నావల్ల కాలేదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. పోకర్ బాగా తెలిసినవాళ్లు నేరుగా ముక్కలు పంచిన దగ్గరికి వెళ్లిపోవచ్చు. తెలియనివాళ్లు కూడా చదవగలిగేలా రాయాలని నా ప్రయత్నం, ఎందుకంటే ఇందులో లెక్క ఉంది, మనిషిని చదవడం ఉంది, రెండూ నాకు ఇష్టమైన విషయాలే.

ముందు ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. మేం ఆడేది ఉత్త చిప్స్‌తో, ఒక్క రూపాయి కూడా మారదు. తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ గానీ పోకర్ గానీ ఆడటం 2017 నుంచే నిషేధం, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని ఆ ఏడాది సవరించారు. అంతకుముందు సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని సుప్రీంకోర్టు 1960ల్లోనే చెప్పి ఉంది, ఆ మాట పట్టుకునే యాప్‌ల వాళ్లు వ్యాపారం చేశారు, మన రాష్ట్రం ఆ సందు మూసేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టమైతే నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటికీ దేశమంతటా అడ్డుకట్ట వేసింది. ఇది మంచిపనే అని నా గట్టి అభిప్రాయం. ఫోన్‌లో రమ్మీ ఆడి అప్పులపాలై భూమి అమ్ముకున్న ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయి, వాళ్ల పిల్లలు నా క్లాసులో కూర్చున్నారు. ఆట మీద ప్రేమ వేరు, ఆ దందా వేరు.

మరి ఉత్త చిప్స్‌తో ఆడితే ఫోల్డ్ కొట్టడానికి అర్థం ఏముంటుంది? ఇది సరైన ప్రశ్నే. ఊరూ పేరూ తెలియని జనంతో ఉచిత బల్లల మీద కూర్చుంటే అక్కడ ఎవడూ దేన్నీ పారేయడు, చేతిలో ఏముందో కూడా చూడకుండా మొత్తం ముందుకు తోస్తారు, పోతే యాప్ మళ్లీ చిప్స్ ఇస్తుంది. అందుకే మేం ప్రైవేట్ టేబుల్ పెట్టుకున్నాం. ఆరుగురం, అందరం చుట్టాలమో కలిసి చదువుకున్నవాళ్లమో. ఆదివారం రాత్రి తొమ్మిదికి మొదలు, డల్లాస్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుక్కి అప్పుడు పొద్దున పదిన్నర అవుతుంది (చలికాలం అయితే తొమ్మిదిన్నర). తలా పది వేల చిప్స్, అయిపోతే ఆ రాత్రికి మళ్లీ ఇవ్వరు, వీడియో కాల్‌లో కూర్చుని మిగతావాళ్లు ఆడేది చూడాల్సిందే. నెలాఖరుకు పాయింట్ల పట్టిక. ఇంతే, కానీ ఈ చిన్న కట్టుబాటు చాలు, ఒక్కో చిప్‌కు ప్రాణం వస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకే ఖాళీ అయిపోయి పదకొండున్నర దాకా ఎదుటివాళ్ల ఆట చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

మన దగ్గర పెరిగినవాళ్లకి పేక అంటే మొదట రమ్మీ. ముక్కలు బాగా లేకపోతే డ్రాప్ అవ్వాలని చిన్నప్పుడే నేర్పుతారు, మొదటే పడేస్తే 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, మొండిగా కూర్చుని దొరికిపోతే 80. ఆ లెక్క మన ఒంట్లో ఉంది. కానీ రమ్మీలో పడేసేది చెడ్డ చేతిని. సీక్వెన్స్ పడి, జోకర్ రెండు వచ్చి కూర్చుంటే ఎవరూ డ్రాప్ అవ్వరు, అవ్వాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే అక్కడ మన పదమూడు ముక్కల మంచీ చెడూ చాలావరకు మన చేతిలోనే తేలిపోతుంది. మూడు ముక్కలాటలో కూడా అంతే, ట్రయల్ (మూడూ ఒకే రకం) పడితే ప్యాక్ చేసిన, అంటే పడేసిన మనిషిని నేను చూడలేదు. అందుకే మనవాళ్లు పోకర్‌కు వచ్చేటప్పుడు ఈ అలవాటు వెంట తెచ్చుకుంటారు: చెత్త అయితే పారేయి, బాగుంటే చివరిదాకా కూర్చో. పోకర్‌లో ఇబ్బంది సరిగ్గా ఇక్కడే. ఇక్కడ బల్ల మీద ఐదు ముక్కలు అందరికీ ఉమ్మడి. నా చేతిని బలంగా చేసిన ముక్కే ఎదుటివాడి చేతిని ఇంకా బలంగా చేసి ఉండొచ్చు. నా చేతి విలువ నా చేతిలో లేదు.

టెక్సస్ హోల్డెమ్ తెలియనివాళ్లకి రెండు మాటల్లో: ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. తర్వాత బల్ల మీద మూడు ముక్కలు తెరుస్తారు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి, అది టర్న్. ఆఖరిది రివర్. ప్రతి మెట్టు దగ్గరా పందెం: ఏమీ పెట్టకుండా ఊరుకుంటే చెక్, ఎదుటివాడు పెట్టినంత పెడితే కాల్, అంతకంటే పెంచితే రెయిజ్, ఉన్నదంతా తోస్తే ఆల్-ఇన్. అందరివీ కలిపి మధ్యలో పోగైన చిప్స్ పాట్. మొత్తం ఏడింటిలో మేలైన ఐదు ముక్కలు ఎవరివైతే వాళ్లది పాట్. మూడు ఒక రకం, రెండు ఒక రకం కలిస్తే ఫుల్ హౌస్. దాని పైన నాలుగూ ఒకే రకం, ఆ పైన స్ట్రెయిట్ ఫ్లష్ (ఒకే రంగులో వరసగా ఐదు), అంతే.

ఇక ఆ చేయి. నాకు ఇస్పేటు ఆరు, డైమండ్ ఆరు వచ్చాయి. బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, 50, 100. మొదట మాట్లాడాల్సిన సీట్లో మా బావ ఉన్నాడు, మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూస్తాడు, ఆయన 300 చేశాడు. నేను డీలర్ సీట్లో కాల్ కొట్టాను, బిగ్ బ్లైండ్‌లో ఉన్న జడ్చర్ల తమ్ముడూ కొట్టాడు. పాట్ 950. ఫ్లాప్ తెరుచుకుంది: ఇస్పేటు రాణి, ఆఠీను రాణి, కళావరు ఆరు. ఫ్లాప్ మీదే ఫుల్ హౌస్! మూడు ఆరులు, రెండు రాణులు. ఫోన్ పట్టుకున్న చెయ్యి కదలకుండా ఉంచుకోవడానికి కాస్త కష్టపడ్డాను, వీడియో కాల్ ఆన్‌లో ఉంది మరి.

తమ్ముడు చెక్. బావ 300 పెట్టాడు. నేను కాల్ కొట్టి ఊరుకున్నాను, తమ్ముడు ఫోల్డ్. పాట్ 1,550. టర్న్ మీద డైమండ్ ఆసు. బావ వెంటనే 900. నేను మళ్లీ కాల్. పాట్ 3,350. రివర్ కళావరు రాజు. ఇప్పుడు బల్ల మీద రాణి, రాణి, ఆరు, ఆసు, రాజు. బావ చెక్ అన్నాడు. ఆసూ రాజూ చేతిలో ఉండి రాణికి భయపడి ఆగాడేమో, అలా అయితే కాల్ కొడతాడు కదా అని నేను 2,000 పెట్టాను. బావ టైమ్ గీత తరుగుతూ తరుగుతూ ఆఖరికి వచ్చింది, అప్పుడు స్క్రీన్ మీద ఆయన పేరు కింద ఎర్రగా వెలిగింది: ఆల్-ఇన్, 8,500. నేను ఇంకా 6,500 పెడితే గానీ ముక్కలు తెరుచుకోవు. నా దగ్గర మిగిలింది కూడా సరిగ్గా అంతే. పోతే ఆ రాత్రికి ఆట ముగిసినట్టే.

ముప్పై సెకన్లు. ఆ ముప్పై సెకన్లలో జరిగింది విడదీసి చెప్తాను.

నేను ఇంటర్ సెకండియర్ పిల్లలకి మ్యాథ్స్ టూ-ఏ చెప్తాను, ప్రాబబిలిటీ చాప్టర్ నిండా 52 ముక్కల లెక్కలే. కాబట్టి మొదట వచ్చిన ఆలోచన అంకెల్లోనే వచ్చింది. ఫ్లాప్ మీద నన్ను కొట్టగలిగే చేతులు ఎన్ని? మిగిలిన రెండు రాణులూ ఒకరి దగ్గరే ఉంటే ఒకటి. రాణి ఒకటి, మిగిలిన ఆఖరి ఆరు ఒకటి కలిస్తే రెండు రకాలుగా. మొత్తం 3. ఎదుటివాడి చేతిలో ఉండగలిగే రెండేసి ముక్కల జతలు అప్పుడు 1,081. ఆసు పడగానే ఆ 3 కాస్తా 12 అయ్యాయి, ఆసూ రాణీ ఉన్నవాడికి నాకంటే పెద్ద ఫుల్ హౌస్ వచ్చేసింది, ఆసుల జత ఉన్నవాడికీ వచ్చేసింది. రాజు పడగానే 21 అయ్యాయి. జతలు మొత్తం 990. అంటే రివర్ మీద కూడా ముక్కలు గుడ్డిగా పంచి ఉంటే నూటికి దాదాపు 98 చేతుల మీద నాదే గెలుపు.

జడ్చర్ల తమ్ముడి వాదన అంతా ఈ 98 దగ్గరే ఆగిపోయింది. "98 శాతం ఉంటే ఎట్ల పడేస్తవన్నా." కానీ బావకి ముక్కలు గుడ్డిగా పంచారు గానీ బావ గుడ్డిగా ఆడలేదు కదా. మొదటి సీట్లోంచి 300 చేశాడు, అక్కడే ఆ 990లో ఎక్కువ భాగం పోయింది. రాణుల బల్ల మీద పందెం పెట్టాడు, ఇంకొన్ని పోయాయి. ఆసు పడ్డా తగ్గలేదు. రివర్ మీద ఆగి, నాతో 2,000 పెట్టించి, ఆ తర్వాత మొత్తం తోశాడు. ఈ నాలుగు పనులూ వరసగా చేసే చేతులు ఏవో అవి మాత్రమే లెక్కలోకి రావాలి. 990ని తెచ్చి ఇక్కడ పెడితే అది లెక్క తప్పు.

కాబట్టి మళ్లీ లెక్క. నన్ను కొట్టేవి: ఆసు-రాణి 6 రకాలు, ఆసుల జత 3, రాజుల జత 3, రాణుల జత 1, ఒకే రంగు రాజు-రాణి ఒక్కటే మిగిలింది, డైమండ్‌లో. మొత్తం 14. రాణి-ఆరు ఆయన మొదటి సీట్లోంచి ఆడడు, తీసేశాను. నేను కొట్టేవి: ఒకే రంగు రాణి-జాకీ 2, ఒకే రంగు రాణి-పది 2, ఒకే రంగు జాకీ-పది 4 (దానికి రాజు పడగానే స్ట్రెయిట్, అంటే వరసగా ఐదు ముక్కలు అయింది, అది ఫుల్ హౌస్ కంటే కిందే). మొత్తం 8. ఇక ధర చూడాలి. నేను 6,500 పెడితే మొత్తం పాట్ 20,350 అవుతుంది. నూటికి 32 సార్లు నేను గెలిస్తే చాలు, నష్టం ఉండదు. 22లో 8 అంటే 36 శాతం. చూశారా, కాగితం మీద అయితే కాల్ కొట్టాల్సిందే!

ఇక్కడే నిజమైన ఆట మొదలవుతుంది, ఎందుకంటే ఆ 8 చేతులనూ బావ ఇలాగే ఆడతాడని నేను ఊరికే అనుకున్నాను. ఆడతాడా?

మా బావ గురించి చెప్పాలి. మిల్లుకి వడ్ల లోడు వచ్చినప్పుడు తేమ చూసే మీటర్ ఉంటుంది, కొనుగోలుకు 17 శాతం దాటకూడదని నిబంధన. బావ మీటర్ చూస్తాడు, చూశాక కూడా గుప్పెడు వడ్లు అరచేతిలో వేసుకుని, రెండు చేతులతో నలిపి, పొట్టు ఊది, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికి చూస్తాడు. టక్కున విరిగితే ఒక మాట, మెత్తగా నలిగితే ఒక మాట. నేను కళ్లారా చూశాను. ఆయన పోకర్ కూడా అలాంటిదే, రెండుసార్లు తేల్చుకుంటే తప్ప పెద్ద పందెం పెట్టడు. బ్లఫ్ చెయ్యడా, అంటే చేతిలో ఏమీ లేకుండా పందెంతో భయపెట్టడా అంటే, చేస్తాడు, కానీ ఫ్లాప్ మీద చిన్నగా, పోయినా బాధ లేనంత. చేతిలో స్ట్రెయిట్ ఉండి బల్ల మీద జత కనిపిస్తే ఆయన కాల్ కొడతాడు, మొత్తం తోయడు. మూడు రాణులున్నా అంతే, "ఫుల్ హౌస్ ఉందేమో మామా" అని నసుగుతూ కాల్ కొడతాడు. మొదటి సీట్లోంచి రాణి-పది ఆడటం నేను ఎప్పుడూ చూడలేదు. జాకీ-పదితో అయితే టర్న్ మీద 900 పెట్టి ఉండాలి, అప్పటికి చేతిలో ఏమీ లేదు, రాజు ఒక్కటి పడితేనే బతుకు. బావ ఆ పని చెయ్యడు.

అంటే ఆ 8లో ఏవి మిగిలాయి? ధర గిట్టాలంటే 14కి ఎదురుగా కనీసం 7 ఉండాలి. 6 ఉన్నా 30 శాతమే, చాలదు. సరే, రాజుల జత ఉంటే ఆసు పడగానే బావ వెనక్కి తగ్గేవాడు కదా, ఆ 3 తీసేద్దాం అనుకున్నాను, న్యాయంగా. అప్పుడు నన్ను కొట్టేవి 11, నాకు కావాల్సినవి 6. జాకీ-పది నాలుగూ పోయాక నా దగ్గర మిగిలిందే 4. నాలుగింటినీ ఉదారంగా ఉంచుకున్నా 15లో 4, నూటికి 27. ఎటు తిప్పినా 32 రావట్లేదు.

ఇంతా ముప్పై సెకన్లలో చేశావా అని అడగొద్దు, ప్రతి అంకే వెయ్యలేదు. 14, 8 ఈ రెండూ లెక్కేశాను, మూడో వంతు కావాలని తెలుసు, మిగతాది బావ ముఖం. నిజానికి ముఖం కూడా కాదు, వీడియోలో ఆయన ఫోన్ పైకి వంగి ఉన్నాడు, నడినెత్తి తప్ప ఏమీ కనబడలేదు. ఆన్‌లైన్‌లో మనకు దొరికే గుర్తులు రెండే, ఎంత పెట్టాడు, ఎంతసేపు తీసుకున్నాడు. రెండోదాన్ని నేను ఎక్కువ నమ్మను. టైమ్ గీత చివరిదాకా తరిగితే ఆలోచిస్తున్నాడో, నెట్ పోయిందో, అత్తమ్మ చాయ్ తెచ్చిందో తెలియదు. పందెం సైజు మాత్రం మాట తప్పదు. అందులోనూ చెక్ కొట్టి, ఎదుటివాడు పెట్టాక మొత్తం తోయడం అనేది జాగ్రత్తపరుడి చేతిలో బ్లఫ్ అయ్యే అవకాశం చాలా చాలా తక్కువ. బ్లఫ్ చేసేవాడికి ముందే పందెం పెట్టి భయపెట్టడం సులువు, నేను కూడా చెక్ కొట్టేస్తే ఆ అవకాశమే పోతుంది కాబట్టి.

ఇంకో విషయం ఆ ముప్పై సెకన్లలో గట్టిగా లాగింది. అప్పటికే పాట్‌లో నావి 3,500 ఉన్నాయి. 300, 300, 900, 2,000. ఇంత పెట్టాక ఇప్పుడెలా వదులుతావు అని లోపల ఒకటే పోరు. నల్లగొండ జిల్లాలో పుట్టినవాడికి ఈ పోరు కొత్త కాదు. మూడు వందల అడుగుల దగ్గర నీళ్లు పడకపోతే, ఇంత దూరం వచ్చాం కదా ఇంకో యాభై వేద్దాం అని రిగ్గు ఆపకుండా, ఆరు వందల దాకా పొడి దుమ్ము తోడించిన రైతులు మన పక్కిళ్లలోనే ఉన్నారు, ముషంపల్లిలో అయితే జనం కంటే బోర్లే ఎక్కువని పత్రికలే రాశాయి. వాళ్లకు వేరే దారి లేక వేశారు, పంట ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోలేక వేశారు, వాళ్లని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ముందు పోసిన అడుగులకి, తర్వాత వేసే అడుగులో నీళ్లుంటాయా అనే దానికి సంబంధం లేదు, ఆ సంగతి భూమికి తెలుసు. ఆ 3,500 నావి కావు. పాట్‌వి. నేను తేల్చాల్సింది చేతిలో ఉన్న 6,500 గురించే.

ఫోల్డ్ నొక్కాను. బావ ముక్కలు మూసుకునే వెళ్లిపోయాయి, యాప్ చూపించదు, మేం కూడా అడగకూడదని ముందే అనుకున్నాం. జడ్చర్ల తమ్ముడు మాత్రం నా ముక్కలు చెప్పమని పీక్కుతిన్నాడు, ఆట అయ్యాక చెప్పాను, అదీ గొడవకు మొదలు.

"బావని అడిగి చూద్దాం, అప్పుడు తేలిపోతది" అంటాడు తమ్ముడు. తేలదు. బావ దగ్గర జాకీ-పదే ఉందనుకోండి, అది ఆ 22లో ఒకటి, అంతే. నేను తీసుకున్న నిర్ణయం ఆ 22 మొత్తం మీద, ఆ ఒక్కదాని మీద కాదు. ఒక చేయి తెరిచి చూసి నిర్ణయం మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం మొదలుపెడితే, మంచి కాల్ కొట్టి ఓడినప్పుడల్లా పశ్చాత్తాపపడాలి, పిచ్చి కాల్ కొట్టి గెలిచినప్పుడల్లా పొంగిపోవాలి. అలా ఆడేవాడికి ఆట ఎన్నటికీ రాదు. బావ కూడా చెప్పలేదు, నేను అడగలేదు, అడగను.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే ఇది చదివి ఎవరైనా ప్రతి పెద్ద చేతినీ పారేయడం మొదలుపెడతారు. బలమైన చేతిని పారేయడం చాలా అరుదుగా చెయ్యాల్సిన పని. 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ (పోకర్ ప్రపంచ పోటీలు) మెయిన్ ఈవెంట్ చివర్లో ఇద్దరే మిగిలారు, సామ్ ఫర్హా, క్రిస్ మనీమేకర్. మనీమేకర్ టెన్నెసీకి చెందిన అకౌంటెంట్, ఆన్‌లైన్ క్వాలిఫయర్ గెలిచి అక్కడికి వచ్చినవాడు. ఒక చేతిలో బల్ల మీద మూడు ఇస్పేట్లు పడ్డాయి, ఫర్హా దగ్గర తొమ్మిదుల జత, బల్ల మీద అన్నిటికంటే పెద్ద జత అదే. రివర్ మీద మనీమేకర్ మొత్తం తోశాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించి పారేశాడు. మనీమేకర్ దగ్గర జత కూడా లేదు, ఉత్త రాజు. ఆ తర్వాత టైటిల్, 25 లక్షల డాలర్లు మనీమేకర్‌కే వెళ్లాయి. జాగ్రత్త ఎక్కువైనా నష్టమే.

కొన్ని చేతులైతే పారేయడం దాదాపు అసాధ్యం, పారేయకూడదు కూడా. 2017 మెయిన్ ఈవెంట్‌లో వనెస్సా సెల్బ్‌స్ట్, అప్పటికే మూడు బ్రేస్‌లెట్లు (ఆ పోటీల్లో టైటిల్ గెలిచినవాళ్లకి ఇచ్చేవి) గెలిచిన క్రీడాకారిణి, మొదటి రోజే ఆసుల ఫుల్ హౌస్ పట్టుకుని టోర్నమెంట్ నుంచి బయటికి వెళ్లిపోయింది. బల్ల మీద ఆసు, ఏడు, ఐదు, ఏడు, నాలుగు. ఎదురుగా గేయెల్ బోమాన్ దగ్గర మిగిలిన రెండు ఏడులూ ఉన్నాయి, నాలుగు ఏడులు. ఆమెని కొట్టగలిగింది ఆ ఒక్క జతే. నా ఆరుల ఫుల్ హౌస్‌నీ ఆమె ఆసుల ఫుల్ హౌస్‌నీ ఒకే పేరుతో పిలుస్తాం గానీ రెండూ ఒకటి కావు. ఆమెని కొట్టేది 1, నన్ను కొట్టేవి 21. తమ్ముడూ, నీ గొడవకి సగం జవాబు ఇక్కడే ఉంది.

అలాగే ఫ్లాప్‌కి ముందే రాజుల జత పారేసేవాళ్లు. ఎవరో గట్టిగా రెయిజ్ చేశారని, ఆసుల జత ఉందేమోనని భయం. నీ దగ్గర రాజులుంటే ఒక ఎదుటి మనిషికి ఆసుల జత వచ్చే అవకాశం 204లో 1. అంత గట్టిగా రెయిజ్ చేసేవాడి దగ్గర రాణుల జత ఉండొచ్చు, ఆసు-రాజు ఉండొచ్చు, వాటి మీద రాజులదే పైచేయి. నేనైతే మా బల్ల మీద, వంద బ్లైండ్లతో, ఫ్లాప్‌కి ముందు రాజులని పారేయను, బావ తోసినా సరే. భయంతో పారేయడానికీ, కథ మొత్తం చదివి పారేయడానికీ తేడా ఏంటంటే, రెండో దాంట్లో నువ్వు ఎదుటివాడి చేతులు ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పగలగాలి. "ఏదో పెద్దది ఉన్నట్టుంది" అంటే కుదరదు. ఆసు-రాణి ఆరు, ఆసులు మూడు, ఇలా చెప్పలేకపోతే కాల్ కొట్టేయడమే మంచిదని నా అభిప్రాయం, కనీసం చూసి నేర్చుకుంటావు.

మా కాలేజీలో పిల్లలకి పోకర్ చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ షరతు మీద ఆధారపడిన సంభావ్యత చెప్పేటప్పుడు నా గొంతులో ఉత్సాహం వేరేగా ఉంటుందని వాళ్లే అన్నారు. ఇచ్చిన సమాచారంతో 990 కాస్తా 22 అయిపోవడం, ఆ 22 మళ్లీ మనిషిని బట్టి 15 అయిపోవడం, ఇంతకంటే అందంగా ఆ చాప్టర్ నాకెక్కడా కనబడలేదు.

ఇక ఆఖరుది, గ్రూపులో ఎవరూ అడగలేదు గానీ అడగాల్సింది ఇదే. అదే సీట్లో బావకి బదులు డల్లాస్ తమ్ముడు ఉంటే? అవే ముక్కలు, అవే పందేలు, అదే 6,500. వాడు ఆసు-రాజు పట్టుకుంటే రెండు జతలు పడ్డాయని ఆగకుండా మొత్తం తోసే రకం, ఎన్నిసార్లు చూశామో. ఆసు-రాజు ఇంకా 9 రకాలుగా మిగిలి ఉంది. వాడి విషయంలో జాకీ-పదిని కూడా తీసెయ్యలేను, చేతిలో ఏమీ లేకుండా టర్న్ మీద 900 పెట్టడం వాడికి పొద్దున కాఫీ తాగినంత తేలిక. అప్పుడు నేను కొట్టేవి 8, ఇంకో 9 కలిపి 17. నన్ను కొట్టేవి అవే 14. నూటికి 55. ఫోన్ గీత సగం కూడా తరగకముందే కాల్ కొట్టేవాణ్ణి, వాడు ఆసు-రాణి తెరిచి నన్ను ఖాళీ చేసి పంపినా వచ్చే ఆదివారం మళ్లీ అక్కడే కాల్ కొడతాను.